ఫొటో తీశారు సరే, పత్రికకు పంపేదెలా?

కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభలను ఊళ్లవాళ్లు మోసుకొచ్చే కనుమ ఉత్సవం) ఫొటోలు మొదటిసారి ఒక పత్రికకు పంపినప్పుడు ఏకంగా నలభై రెండు పంపాను. కనుమ రాత్రి ఇంటికొచ్చి, కాళ్లకంటిన బురద కూడా సరిగ్గా కడుక్కోకుండా కూర్చుని, నచ్చినవన్నీ ఏరాను. ఒక మెయిల్లో పట్టకపోతే ఐదు మెయిళ్లు చేశాను. సబ్జెక్టు దగ్గర ‘ఫొటోలు’ అని, లోపల ‘పరిశీలించగలరు’ అని రాశాను. అంతే. జవాబు లేదు. నెల రోజులు ఆగి ఫోన్ చేస్తే, పేజీలు తయారుచేసే డెస్కులో ఒకాయన ఓపిగ్గానే మాట్లాడారు. “చూశామండీ, బాగున్నాయి. కానీ సంక్రాంతి వెళ్లిపోయింది కదా!”

ఆ ఏడాదే నవంబరు మొదటి వారంలో, అవే ఫొటోల్లోంచి ఎనిమిది ఏరి, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసి, ఒక పేజీ వ్యాసం జతచేసి, అదే పత్రికకు మళ్లీ పంపాను. సంక్రాంతి సంచికలో రెండు పేజీలు వేశారు. కెమెరా మారలేదు, ఫొటోలూ మారలేదు. డెస్కులో కూర్చున్నవాళ్లకు ప్రతి వారం కొన్ని పేజీలు నిండాలి. ఆ పేజీని దాదాపు తయారుచేసి చేతిలో పెట్టినవాళ్ల ఫొటోలు అచ్చవుతాయి. అదెలాగో వరసగా చెబుతాను.

ముందు పత్రికను కొని చూడండి

మీరు పంపాలనుకున్న పత్రిక పాత సంచికలు నాలుగు తెచ్చుకోండి. చదవడానికి కాదు, లెక్కపెట్టడానికి. ఎన్ని ఫొటోలున్నాయి? వాటి కింద ఎవరి పేర్లున్నాయి? అన్నీ సొంత ఫొటోగ్రాఫర్లవో, ఏజెన్సీలవో అయితే బయటివాళ్లకు అక్కడ పెద్దగా చోటు లేదని అర్థం. ఏదో ఒక పేజీలో ప్రతిసారీ కొత్త పేరు కనిపిస్తుంటే మీరు దూరాల్సిన తలుపు అదే. ఆ పేజీలో ఎన్ని ఫొటోలు వేస్తున్నారు, నిలువువా అడ్డమా, పక్కన ఎంత మ్యాటర్ ఉంది, మనుషులున్నారా, కొండలూ గుళ్లేనా అని ఒక కాగితం మీద రాసుకోండి.

సంపాదకుడు, ప్రచురణకర్త, ముద్రించిన చోటు, చిరునామా ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. అలా వేయడం చట్టప్రకారం తప్పనిసరి. మెయిల్ ఐడీ కూడా చాలావరకు అక్కడే దొరుకుతుంది. సంపాదకుడికి నేరుగా పంపడం కంటే, ఆఫీసుకు ఫోన్ చేసి ‘ఫలానా పేజీ ఎవరు చూస్తారండీ’ అని అడగడం మేలు. ఆదివారం పుస్తకానికి ఒక ఇన్‌చార్జ్ ఉంటారు, మీ ఫొటోలు చివరికి చేరేది ఆయన టేబుల్ మీదికే.

ఎక్కడికి పంపొచ్చు అంటే, తెలుగులో అన్నిటికంటే ఎక్కువ చోటున్నవి దినపత్రికల ఆదివారం పుస్తకాలు. సాక్షి ‘ఫన్‌డే’, నమస్తే తెలంగాణ ‘బతుకమ్మ’, ఈనాడు, ఆంధ్రజ్యోతి ఆదివారం సంచికలు అలాంటివి. పొలం, పాడి, చెరువు మీ ఊళ్లోనే ఉంటే ‘రైతునేస్తం’ లాంటి వ్యవసాయ పత్రికల్ని మరవకండి. ఫొటోగ్రాఫర్లలో సగం మందికి ఇవి గుర్తే రావు. అందుకే అక్కడ పోటీ తక్కువ. గుళ్లూ ఉత్సవాలూ తీసేవాళ్లకు తిరుమల తిరుపతి దేవస్థానం మాసపత్రిక ‘సప్తగిరి’ ఉంది. అమెరికాలో రెండేళ్లకోసారి జరిగే తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభల లాంటి వాటికి జ్ఞాపిక సంచికలు వేస్తారు. ఊరి ఫొటోలంటే అక్కడివాళ్లకు ప్రాణం. అయితే డబ్బిస్తారో లేదో ముందే అడగాలి. ఇంగ్లిష్‌లో అయితే ‘ఫ్రంట్‌లైన్’, ‘డౌన్ టు ఎర్త్’, పక్షులూ అడవులకు ‘శాంక్చురీ ఏషియా’, పెద్ద ఫొటో వ్యాసాలకు ‘ది కారవాన్’. వీటి గుమ్మం ఎత్తు ఎక్కువ, ముందు తెలుగులో నాలుగైదు అచ్చయ్యాక అటు నడవండి. ఆ కటింగులే అక్కడ మీ పరిచయపత్రం.

మీ ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపలే వెతకండి

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు చార్మినార్, గోల్కొండ, అరకు లోయ ఫొటోలు పంపడం. అవి ఏ ఆఫీసు కంప్యూటర్లో చూసినా వందల కొద్దీ ఉంటాయి. వాళ్ల దగ్గర లేనివి మీ చుట్టుపక్కలే ఉంటాయి. వరంగల్ భరత్ భూషణ్ గారు 2022లో పోయారు. ఆయన దశాబ్దాల పాటు తీసినవి ఏమిటి? తెలంగాణ పల్లె ఇళ్లు, తలుపులు, గోడలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు. అందరూ రోజూ చూసేవే. ఎవరూ తీయనివి.

ఒక్క ఫొటో కంటే ఒక కథగా కలిసే ఏడెనిమిది ఫొటోలకు పత్రికలో చోటు దొరకడం తేలిక. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరునే తీసుకుందాం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఈ ఒక్క ముక్క చాలు, డెస్కులో మనిషి కుర్చీలో ముందుకు జరగడానికి. కానీ ఆ ముక్క ఫొటోలో కనిపించాలి. నేనైతే ఇలా తీస్తాను: పొద్దున్నే వీధి, అరుగుల మీద పని మొదలయ్యే వేళ, దూరంనుంచి ఒకటి. ఇంట్లో కూర్చున్న మనిషి, చుట్టూ ఆమె సామాను, మధ్యదూరం నుంచి ఒకటి. చేప దవడా, పత్తీ, వేళ్లూ మాత్రమే కనిపించేంత దగ్గరగా ఇంకొకటి. ఇది లేకపోతే కథ లేదు, కాబట్టి ఇరవై సార్లు తీయండి. తర్వాత రాట్నం మీద నూలు. మగ్గం. పనిలో ఉన్న మనిషి ముఖం, కెమెరా వైపు చూడకుండా ఒకటి, చూస్తూ ఒకటి. చివరికి ఆ బట్ట ఎవరి ఒంటి మీదో, దుకాణంలోనో. ఇన్ని దూరాల నుంచి తీసినవి చేతిలో ఉంటే లేఅవుట్ చేసేవాళ్లకు పేజీ పేర్చుకోవడం సులువు. ఎనిమిదీ ఒకే దూరం నుంచి తీసినవైతే, ఎంత బాగున్నా, ఒక్కటే వేస్తారు.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. నిలువు ఫొటో ఒకటైనా ఉండాలి. పైభాగంలో ఆకాశమో గోడో ఖాళీగా ఉంటే అక్కడ పత్రిక పేరు పడుతుంది, అది కవరుకు పనికొస్తుంది. మన చేతిలో కెమెరా అడ్డంగానే ఉంటుంది కాబట్టి ఈ నిలువు సంగతి అక్కడికక్కడ గుర్తు చేసుకోవాలి, ఇంటికొచ్చాక కుదరదు. ఇక సెంటర్ స్ప్రెడ్, అంటే నడిమి రెండు పేజీలు కలిపి వేసే ఫొటో కోసం తీసేటప్పుడు ముఖ్యమైన ముఖం సరిగ్గా మధ్యలో పెట్టకండి. రెండు పేజీలు కలిసే మడతలో మనిషి ముక్కు నలిగిపోతుంది. నా ఫొటో ఒకదానిలో ప్రభ మోస్తున్న పెద్దాయనకు పిన్ను నుదుటి మీదే పడింది.

క్యాలెండర్ వెనక్కి తిప్పండి

పండగ సంచిక పండగ రోజున తయారుకాదు. వారపత్రికలు, ఆదివారం పుస్తకాల ప్రత్యేక సంచికల పేజీలు నెలన్నర, రెండు నెలల ముందే పంచుకోవడం మొదలవుతుంది. మాసపత్రికకు మూడు నెలలు. కాబట్టి సంక్రాంతి ఫొటోలకు నవంబరు, దసరా బతుకమ్మలకు జూలై, దీపావళి సంచికకు ఆగస్టు. అంటే ఈ ఏడాది తీసిన పండగ వచ్చే ఏడాది అచ్చుకు. ఇది మొదట్లో మింగుడుపడదు. తీసిన వేడి మీదే అందరికీ చూపించాలని ఉంటుంది. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అన్నీ పెట్టేశాక పత్రికకు పంపితే ‘ఇవి ఎక్కడో చూశామే’ అంటారు. మంచివి పది దాచుకోండి. మిగతావి పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

నేను గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్ మీదే ఎర్రపెన్నుతో గుర్తులు పెడతాను. మేడారం మహాజాతర రెండేళ్లకోసారి. అది జరగని ఏడాదిలో తీసే అవకాశం లేదు గానీ, జరగబోయే ఏడాదికి ముందు నెలల్లో పాత ఫొటోలకు గిరాకీ ఉంటుంది. విజయనగరం పైడితల్లి సిరిమాను, నెల్లూరు రొట్టెల పండగ, కోటప్పకొండ ప్రభలు, నేలపట్టు, పులికాట్‌లకు పక్షులొచ్చే శీతాకాలం ఇలాగే గుర్తు పెట్టుకోవాలి. రొట్టెల పండగ మొహర్రం నెలలో వస్తుంది కాబట్టి మన క్యాలెండర్లో ఏటా పదీ పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ లెక్క చూసుకోకపోతే గురి తప్పుతారు.

పండగతో సంబంధం లేనివి, ఉదాహరణకు ఒక తోలుబొమ్మల కళాకారుడో, ఒక పాత రైల్వే వంతెనో, ఎప్పుడైనా పంపొచ్చు. కానీ ఆ కథకు ‘ఇప్పుడే ఎందుకు’ అన్న ఒక్క కారణం దొరికితే మెయిల్ మొదటి వాక్యంలోనే రాయండి. ఆ వంతెనకు వందేళ్లు నిండటం, చేనేత దినోత్సవమైన ఆగస్టు 7, ఏదైనా సరే.

ఫైలు సంగతి, క్లుప్తంగా

ఎ4 సైజు పేజీ నిండా ఫొటో వేయాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. రెండు పేజీలకు 4960 × 3508. మీ 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 × 4000 ఇస్తుంది, స్ప్రెడ్‌కు కూడా సరిపోతుంది. ఫోన్ 12 మెగాపిక్సెల్ ఫొటో కూడా వెలుతురు బాగుంటే ఒక పేజీకి చాలు. చాలనిది ఎప్పుడంటే, మీరు సగానికి కత్తిరించి పంపినప్పుడు. అందుకే కత్తిరించే పని వాళ్లకే వదలండి. పేజీ అంచుదాకా వేసే ఫొటోలో చుట్టూ మూడు మిల్లీమీటర్లు కటింగ్‌లో పోతుంది, కాబట్టి అంచుల్లో ముఖ్యమైనదేదీ ఉండకూడదు.

రంగులు కొంచెం తగ్గించే ఉంచండి. న్యూస్‌ప్రింట్ మీద నీడలు మరీ నల్లగా దిగుతాయి. స్క్రీన్ మీద అందంగా కనిపించిన సాయంత్రం పేపర్లో బొగ్గు ముద్దవుతుంది. నీడల్లో కొంత వివరం కనిపించేలా ఎత్తి పంపితే మంచిది. వెలుతురు సరిచేయడం, కొద్దిగా వంకర సరిచేయడం వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. కరెంటు తీగ చెరిపేయడం, ఆకాశం మార్చడం, ఏఐతో పక్షిని చేర్చడం చేస్తే, దొరికిన రోజున ఆ పత్రికలో మీ పేరు ఇక కనిపించదు. పెద్ద పత్రికలు ‘రా’ (raw) ఫైలు, అంటే కెమెరా ఇచ్చిన దిద్దని అసలు ఫైలు, అడుగుతాయి. దాచి ఉంచుకోండి.

మీ పేరు, ఫోన్ నంబరు, తేదీ, ఊరు ఫొటో ఫైలు లోపలే నింపండి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో దానికి గడులుంటాయి, ఒక్కసారి నింపి పెట్టుకుంటే తర్వాత అన్నిటికీ అదే ఎక్కుతుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఈ వివరాలు ఊడిపోతాయి, ఫొటో కూడా చిక్కిపోతుంది. వాట్సాపే అడిగితే డాక్యుమెంటుగా పంపండి.

క్యాప్షన్ దగ్గరే గెలుపూ ఓటమీ

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. నేను మొదట్లో రాసిన క్యాప్షన్ ఇది:

‘సంప్రదాయపు సొగసులు’

దీంతో డెస్కులో మనిషి ఏం చేయాలి? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారో తెలియదు. ఆయన మీకు ఫోన్ చేయాలి. చేతిలో ఇంకా నలభై పనులున్నాయి, చేయడు. ఇంకో ఫోల్డర్ తెరుస్తాడు. ఇప్పుడు నేను రాసే పద్ధతి ఇది:

‘కనుమ నాడు గంగలకుర్రు ప్రభను కౌశిక కాలువ దాటించి జగ్గన్నతోటకు మోసుకొస్తున్న గ్రామస్థులు. ఏకాదశ రుద్రుల పేరిట పదకొండు ఊళ్ల ప్రభలు ఇక్కడ కలుస్తాయి.’

ఇందులో ఎవరో ఉంది, ఎక్కడో ఉంది, ఎప్పుడో ఉంది, ఫొటోలో కనిపించని ఒక సంగతి కూడా ఉంది. అంతే కావాలి. ‘కన్నుల పండుగగా’, ‘అంగరంగ వైభవంగా’ లాంటివి రాయకండి, అవి వాళ్లకు రాయడం వచ్చు. మీ దగ్గర మాత్రమే ఉన్నది రాయండి. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థమే వెళ్లింది కదా, ఆ ముక్క వ్యాసంలో ఒక వాక్యంగా పెట్టాను. సబ్ ఎడిటర్ దాన్నే పైకి లాగి శీర్షిక కింద వేశారు.

పేర్లు అక్కడే రాసుకోండి, మనిషి ముందే. నేను ఒకసారి బద్ధకించి, ఇంటికొచ్చాక గుర్తు చేసుకుని ఒక నేత కార్మికుడి పేరు రాశాను. అచ్చయింది ఆయన తమ్ముడి పేరు. అన్నదమ్ములకు అప్పటికే మాటల్లేవట. ఆ ఊరికి మళ్లీ వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఫొటో తీయగానే ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి ‘మీ పేరూ ఇంటిపేరూ ఒకసారి చెప్పండమ్మా’ అని అడుగుతాను. వయసు అడిగితే కొందరు నవ్వుతారు, కొందరు కసురుకుంటారు. రెండూ అలవాటవుతాయి.

ఇంకొక్క మాట, డెస్కులో పనిచేసేవాళ్ల తరఫున: క్యాప్షన్లు యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లో వాడే తెలుగు అక్షరాల్లో, టైపు చేసి పంపండి. డీటీపీ షాపులో అను ఫాంటులో కొట్టించిన ఫైలు వాళ్ల మెయిల్లో పిచ్చి గీతల్లా తెరుచుకుంటుంది. చేతిరాత కాగితం ఫొటో తీసి పంపడం అంతకంటే అన్యాయం. ఫొటో ఫైలు పేరులో ఒక నంబరు పెట్టి, అదే నంబరు క్యాప్షన్ ముందు పెడితే ఏది దేనిదో వెతుక్కోనక్కర్లేదు.

మెయిల్ ఇలా రాయండి

మొదటి మెయిల్లో పెద్ద ఫైళ్లు వద్దు. పొడుగు వైపు 1500 పిక్సెళ్లకు తగ్గించిన ఆరు నుంచి పది ఫొటోలు చాలు. డ్రైవ్ లింకు ఇస్తే, ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని మార్చారో లేదో ఇంకో ఫోన్లో తెరిచి చూసుకోండి. తాళం వేసిన లింకు వచ్చిందంటే ఎవరూ అనుమతి అడుగుతూ కూర్చోరు. నేను వాడే నమూనా ఇది:

‘సబ్జెక్టు: సంక్రాంతి సంచికకు ఫొటో ఫీచర్ – జగ్గన్నతోట ప్రభలు (8 ఫొటోలు)

నమస్కారమండీ. కోనసీమలో కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు ఒక కొబ్బరితోటలో కలుస్తాయి. వాటిలో కొన్ని చేలకు అడ్డంపడి, కాలువ దాటి వస్తాయి. కిందటి జనవరిలో తీసిన 8 ఫొటోలు, 350 పదాల వ్యాసం జతచేశాను. మీ “ఊరూ వాడా” పేజీకి సరిపోతాయనుకుంటున్నాను. ఇవి ఇంతవరకు ఎక్కడా అచ్చుకాలేదు, ఇప్పుడు వేరెవరికీ పంపలేదు. నచ్చితే పెద్ద సైజు ఫైళ్లు అదే రోజు పంపగలను. డిసెంబరు 10 దాకా మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.’

కింద పేరు, ఊరు, ఫోన్. ఇంతకంటే పొడవు వద్దు. చిన్నప్పటి నుంచి ఫొటోలంటే ఎంత ఇష్టమో, మామయ్య యాషికా కెమెరా ఎలా ఇచ్చాడో ఇందులో వద్దు. ‘ఊరూ వాడా’ అన్నచోట ఆ పత్రికలోని అసలు పేజీ పేరు పడాలి. మీరు పత్రిక చూశారని వాళ్లకు తెలిసేది అక్కడే. చివరి తేదీ పెట్టడం మొహమాటంగా అనిపిస్తుంది గానీ పెట్టండి. ఆ తేదీ దాటితే వేరే పత్రికకు నిశ్చింతగా పంపుకోవచ్చు. ఒకే ఫొటోలు ఒకేసారి రెండు చోట్లకు పంపడం మాత్రం వద్దు. రెండిట్లోనూ ఒకే ఆదివారం అచ్చయితే రెండు తలుపులూ మూసుకుంటాయి.

జవాబు రాకపోతే రెండు వారాలకు ఒక గుర్తుచేసే మెయిల్, దాని తర్వాత ఒక ఫోన్. మధ్యాహ్నం పన్నెండు, మూడు మధ్య చేయండి, సాయంత్రం పేజీలు వదిలే టెన్షన్‌లో ఉంటారు. అప్పటికీ ఏమీ అనకపోతే వదిలేయండి. వద్దనడానికి కూడా వాళ్లకు తీరిక ఉండదు, దాన్ని మనసులో పెట్టుకోకండి. నాకు పదిలో ఏడింటికి జవాబే రాదు.

అడిగి తీయాల్సినవి

జాతరలో, సంతలో జనాన్ని తీయడానికి ఎవరి సంతకమూ అవసరం పడలేదు నాకు. కానీ ఒక మనిషి ముఖం పేజీ నిండా వస్తుందంటే ‘పత్రికలో వేస్తారమ్మా, పర్లేదా’ అని అడగడం మర్యాద. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాలి. ఆ ఫొటో ప్రకటనకు వాడుకోవాలంటే మాత్రం రాతపూర్వకంగా ఒప్పుకోలు కావాలి.

అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అటవీ శాఖ అనుమతి తీసుకునే లోపలికి వెళ్లాలి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులాంటి చోట్ల పక్షులు కళ్లముందే గూళ్లు కడతాయి, అయినా గూటి మీదకు కెమెరా పెట్టి తీసినవి ప్రకృతి పత్రికలు తీసుకోవు. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడ్ తీస్తే కాపలా మనిషి వస్తాడు, దానికి వేరే అనుమతి. గర్భగుడి లోపల తీసిన ఫొటో మీకు ఎలా దొరికినా పంపకండి. డ్రోన్ ఎగరేసేముందు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ చోటు ఆకుపచ్చ జోనో ఎర్ర జోనో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోండి. తీర్థంలో జనం నెత్తి మీద ఎగరేసేవాళ్లను చూస్తే నాకే భయమేస్తుంది.

హక్కులు, డబ్బులు

మీ అంతట మీరు వెళ్లి, మీ ఖర్చుతో తీసిన ఫొటో మీద కాపీరైట్ మీదే. ఎక్కడా రిజిస్టర్ చేయనక్కర్లేదు. 2012 సవరణ తర్వాత ఆ హక్కు మీ జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. కానీ 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు ఆ డబ్బిచ్చినవాళ్లది. మనలో చాలామంది పెళ్లి ఫొటోలతో ఇల్లు గడుపుకునేవాళ్లమే. పెళ్లికూతురి ఫొటో ఎంత బాగా వచ్చినా, వాళ్లు రాసివ్వకుండా పత్రిక కవరుకు పంపకూడదు. అలాగే పత్రికే ‘వెళ్లి తీసుకురా, ఇంత ఇస్తాం’ అని పంపిస్తే హక్కు వాళ్లకు పోతుంది. మీకూ హక్కు మిగలాలంటే వెళ్లేముందే మెయిల్లో ఒప్పించుకోవాలి.

హక్కులు రాసివ్వమని కాగితం వస్తే చదవకుండా సంతకం పెట్టకండి. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతోనే ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతా’ అని కనిపిస్తే ఆగి అడగండి. ‘ఒకసారి అచ్చు, దాంతోపాటు అదే సంచిక వెబ్‌సైటులో’ అని మార్చమంటే చాలామంది మారుస్తారు. నేను అడిగిన ప్రతిసారీ మార్చారని చెప్పను, కానీ అడిగినందుకు ఎవరూ కోప్పడలేదు. ఫొటో పోటీల నిబంధనల్లో కూడా ఇదే చూడండి. బహుమతి ఒకరికి, హక్కులు మాత్రం పంపిన అందరివీ లాక్కునే పోటీలు ఉన్నాయి.

నా ఫొటో ఒకదాన్ని ఒక పత్రిక నా పేరు లేకుండా వేసేసింది. మెయిల్ పంపలేదు, ఫోన్ లేదు, ఎవరో బంధువు చూసి చెబితే తెలిసింది. మొదట మండిపోయి పెద్ద ఉత్తరం రాసుకున్నాను. రాత్రి పడుకుని లేచాక దాన్ని చింపేసి నాలుగు వాక్యాలు పంపాను: సంచిక తేదీ, పేజీ నంబరు, ఫొటో నాదే అనడానికి అసలు ఫైలు, వచ్చే సంచికలో పేరు వేసి ఫలానా మొత్తం బిల్లు చెల్లించమని. పేరు వేశారు. డబ్బు సగమే ఇచ్చారు. కోర్టుకు వెళ్లేంత మొత్తం కాదు, తీసుకున్నాను. ఫొటో తీసినవారిగా పేరు వేయించుకునే హక్కు 57వ సెక్షన్‌లో విడిగా ఉంది, హక్కులు అమ్మేసినా అది మీతోనే ఉంటుంది. నేను పంపిన ఆ నాలుగు వాక్యాల్లో ఆ సెక్షన్ నంబరు కూడా రాయడం వల్లే కదిలారని నా అనుమానం.

పారితోషికం ఎంతో అచ్చుకు ముందే అడగండి. ‘మీ పత్రికలో ఫొటో ఫీచర్‌కు ఎంత ఇస్తారండీ’ అన్న ప్రశ్నలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చిన్న పత్రికలు కొన్ని సంచిక కాపీతో సరిపెడతాయి. మొదటి ఒకటి రెండింటికి ఒప్పుకోండి, పదోదానికి కూడా ఒప్పుకుంటుంటే అది మీ తప్పు. అచ్చయిన వారంలోపు బిల్లు మెయిల్ చేయాలి. అందులో సంచిక తేదీ, పేజీ, ఫొటోల సంఖ్య, మొత్తం, పాన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఉండాలి. బిల్లు లేకపోతే అకౌంట్స్ వాళ్లకు మీరు లేనట్టే. కొన్నిసార్లు టీడీఎస్ కింద పది శాతం పట్టుకుని ఇస్తారు. అది ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పాన్ కింద కనిపిస్తుంది. పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. అరవై రోజులు దాటినా రాకపోతే ఎడిటర్‌ను కాదు, అకౌంట్స్ విభాగాన్ని పట్టుకోండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ ఫొటో, ఎవరికి, ఏ తేదీన, ఏ హక్కుతో, ఎంతకు అని గీతలు గీసి రాసుకోండి. ఎక్సెల్ వచ్చినవాళ్లు ఎక్సెల్. ఒకసారి అచ్చుకే హక్కిచ్చిన ఫొటోను మూడేళ్ల తర్వాత ఇంగ్లిష్ పత్రికకో, జ్ఞాపికకో మళ్లీ అమ్మేటప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం. నా ప్రభల ఫొటోల్లో ఒకటి ఇలా నాలుగుసార్లు అచ్చయింది, నాలుగోసారి మొదటిదానికి మూడింతలు వచ్చింది.

అచ్చయిన రోజు సంచికలు రెండు కాదు, నాలుగు కొనండి. ఒకటి మీకు, ఒకటి కటింగుకు, ఒకటి ఫొటోలో ఉన్న మనిషికి. నాలుగోది ఎందుకంటే, మూడోది ఇవ్వడానికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్లు కూడా ఒకటి అడుగుతారు. వచ్చే ఏడాది వాళ్ల ఇంటి మేడ మీద నుంచే ఫొటో తీయాల్సి వస్తుంది.